వర్తక న్యాయము: ఏజెంటు, భాగస్వామి, కంపెనీ

గ్రామ పంచాయతీ సభ్యుల యెదుటికి వచ్చు తగవులలో గట్టు తగవులు, నీటి తగవులు పాతకాలము నుండి ఉన్నవే. వానిని తీర్చు పద్ధతి మన పెద్దలకు తెలియును. కాని గడచిన కొన్ని దశాబ్దములలో వేరొక జాతి తగవులు పెరిగినవి. పంట అమ్మిపెట్టుదునని తీసికొనిపోయిన కమీషను వర్తకుడు సొమ్ము చెల్లించలేదని ఒకరు, నలుగురు కలిసి పెట్టిన రైసుమిల్లులో తనకు లెక్క చూపలేదని ఇంకొకరు, ఊరిలోని ఏజెంటును నమ్మి కంపెనీలో కట్టిన సొమ్ము మునిగినదని మరియొకరు వచ్చుచున్నారు. ఇవి పెద్దమనుషుల లోకజ్ఞానముతో మాత్రమే తేలునవి కావు. వీనికి వ్రాసియున్న చట్టములు కలవు. విశ్వవిద్యాలయములలో వాణిజ్యశాస్త్రము, న్యాయశాస్త్రము చదువు విద్యార్థులు వర్తక న్యాయము అను పేరున ఏజెన్సీ, భాగస్వామ్యము, కంపెనీ అను విషయములను అభ్యసింతురు. ఆ పాఠములో పంచాయతీ సభ్యులకు నేరుగా పనికివచ్చు భాగమును ఇచ్చట వివరించుచున్నాము.

ఉదాహరణములకు జంగారెడ్డిగూడెము ప్రాంతమును తీసికొందము. 2022 వరకు పశ్చిమ గోదావరి జిల్లాలో నుండి, ఆ యేట ఏర్పడిన ఏలూరు జిల్లాలో చేరిన ఈ పట్టణము చుట్టుపట్ల మెట్ట గ్రామములకు పెద్ద సంత వంటిది. డెల్టా వరిచేలకు ఎగువను, కొండలకు దిగువను ఉండుటచే ఇచ్చట వర్జీనియా పొగాకు, మొక్కజొన్న, ఆయిల్‌పామ్, కోకో, జీడిమామిడి పండును. ఇందు అధికభాగము రైతు తన ఇంట తినుటకు పండించునది కాదు, అమ్ముటకు పండించునది. అమ్మకమున్న చోట మధ్యవర్తి యుండును. ఆ మధ్యవర్తి ఎవరి పక్షమున నిలిచినవాడు అనునదే మొదటి ప్రశ్న.

ఏజెన్సీ

ఏజెన్సీ అను మాట ఈ సీమవారికి క్రొత్తది కాదు. బుట్టాయగూడెము, పోలవరము కొండ ప్రాంతములను ఏజెన్సీ యనియే పిలుతురు. ఆ పేరు వచ్చిన విధము ఆసక్తికరమైనది. 1839వ సంవత్సరపు చట్టము ననుసరించి గంజాము, విశాఖపట్టణము జిల్లాల కొండ ప్రాంతములను సాధారణ న్యాయస్థానముల పరిధి నుండి తప్పించి, కలెక్టరునే గవర్నరుకు ఏజెంటుగా నిలిపి పాలింపజేసిరి. ఏజెంటు పాలించు ప్రాంతము గనుక ఏజెన్సీ అయినది. తరువాత గోదావరి కొండలకును ఆ పేరే వ్యాపించినది. ఒకరికి బదులు మరొకరు నిలిచి పని జరుపుట అను మూలార్థము అచ్చటను, వర్తకమునను ఒక్కటే.

వర్తకపు ఏజెన్సీని గూర్చిన నియమములు 1872వ సంవత్సరపు భారత ఒప్పందముల చట్టములో పదియవ అధ్యాయమున, 182 నుండి 238 వరకు గల సెక్షనులలో ఉన్నవి. ఒకరి తరఫున పని చేయుటకు గాని, ఇతరులతో వ్యవహరించునపుడు వారికి బదులుగా నిలుచుటకు గాని నియమింపబడినవాడు ఏజెంటు. నియమించినవాడు యజమాని. ఏజెంటు తన అధికారమునకు లోబడి చేసిన పని యజమాని స్వయముగా చేసిన పనితో సమానము. ఈ ఒక్క వాక్యమునుండియే తక్కిన నియమములన్నియు పుట్టినవి.

ఏజెంటును నియమించుటకు కాగితము అవసరము లేదు. నోటిమాట చాలును, నడవడి చాలును. కమీషను ఇవ్వకపోయినను ఏజెన్సీ ఏర్పడును. యజమానికి యుక్తవయస్సు, స్థిరబుద్ధి ఉండవలెను గాని, ఏజెంటు మైనరైనను కావచ్చును. పదునాలుగేండ్ల కుమారుని ఎరువుల దుకాణమునకు పంపి అరువు తెప్పించుకొను తండ్రి ఆ అరువునకు బాధ్యుడు. పిల్లవాడు తెచ్చినాడు, నాకేమి సంబంధమని తప్పించుకొనజాలడు.

ఇప్పుడు మొక్కజొన్న లారీ సంగతి చూతము. రైతు వంద బస్తాలు వర్తకునికి అప్పగించినాడు. వర్తకుడు వానిని తానే కొన్నాడా, లేక రైతు తరఫున అమ్మిపెట్టుటకు తీసికొన్నాడా? ఊరిలో ఈ భేదమును ఎవ్వరును అడుగరు. ఉభయములను ‘వేసినాము’ అనియే అందురు. కాని చట్టము దృష్టిలో ఇవి రెండును వేరు. తానే కొన్నచో సరుకు వర్తకునిది, రైతు కేవలము బాకీదారునకు అప్పిచ్చినవాని వంటివాడు. ధర పెరిగినచో లాభము వర్తకునిదే, పడినచో నష్టమును వర్తకునిదే. అమ్మిపెట్టుటకు తీసికొన్నచో అమ్ముడుపోవు వరకు సరుకు రైతుదే. వచ్చిన ధర ఎంతయో అంతయు, కమీషను ఖర్చులు మినహాయించి, రైతునకు చేరవలెను. పై ధరకు అమ్మి క్రింది ధర పద్దు వ్రాసిన ఏజెంటు ఆ భేదమును తిరిగి చెల్లింపవలసినవాడే. కనుక తగవు వచ్చినపుడు పంచాయతీ సభ్యులు మొట్టమొదట అడుగవలసినది కాటా చీటీ, పట్టీ. పట్టీలో కమీషను తగ్గించి యున్నచో వర్తకుడు తాను ఏజెంటునని తన వ్రాతతోనే ఒప్పుకొన్నట్లు వాదించుటకు అవకాశము కలదు.

ఏజెంటు యజమాని ఆదేశములను పాటింపవలెను. ఆదేశము లేనిచో ఆ వ్యాపారపు ఆచారమును పాటింపవలెను. అడిగినపుడు లెక్క చూపవలెను. యజమానికి తెలియకుండ ఆ సరుకును తానే కొనరాదు, బంధువు పేరున కొనిపించరాదు. అట్లు చేసినచో, ముఖ్యమైన సంగతి దాచినట్లు గాని తనకు నష్టము కలిగినట్లు గాని తేలిన యెడల యజమాని ఆ బేరమును త్రోసిపుచ్చవచ్చును. లెక్క కొరకు వేయు దావాకు గడువు మూడు సంవత్సరములు. లెక్క అడిగి ఏజెంటు నిరాకరించినచో ఆ నిరాకరణ తేదీ నుండి, అట్లడుగనిచో ఏజెన్సీ ముగిసిన నాటి నుండి ఆ గడువు లెక్కింపబడును. వచ్చే పంటకు చూతము, ఆ పై పంటకు చూతమని పెద్దలు వాయిదాలు వేయుచుండగా ఈ గడువు గడచిపోవుట కలదు. సభ్యులు దీనిని గుర్తుంచుకొనవలెను.

పెట్టుబడికి అప్పు ఇచ్చి, పంట తనకే వేయవలెనని షరతు పెట్టు వర్తకుని సంగతి మరింత చిక్కైనది. సామాన్యముగా యజమాని తన ఏజెంటును తొలగింపవచ్చును. కాని సరుకు మీద ముందుగా సొమ్ము ఇచ్చిన ఏజెంటునకు ఆ సరుకులో స్వప్రయోజనము కలదు గనుక, వానికి నష్టము కలుగునట్లు ఆ ఏజెన్సీని మధ్యలో రద్దుచేయుటకు వీలులేదని 202వ సెక్షను చెప్పుచున్నది. చట్టమే ఒక ఉదాహరణమిచ్చినది: వేయి ప్రత్తి బేళ్లను పంపి, వాని మీద అప్పు తీసికొని, అమ్మి నీ అప్పు తీర్చుకొమ్మని చెప్పిన యజమాని ఆ అధికారమును వెనుకకు తీసికొనజాలడు. అప్పు తీర్చుకొనుటకు ఏజెంటునకు గల హక్కు ఇంతటి బలమైనదైనను, లెక్క చూపవలసిన బాధ్యత మాత్రము వానికి తొలగిపోదు. అప్పు ఇచ్చినాను గనుక నా ఇష్టము వచ్చిన ధర వేయుదుననుట చెల్లదు.

పొగాకు విషయమున ఈ చిక్కులే ప్రభుత్వ జోక్యమునకు దారితీసినవి. పార్లమెంటు 1975లో పొగాకు బోర్డు చట్టము చేసినది. 1976 జనవరి 1న బోర్డు గుంటూరు కేంద్రముగా ఏర్పడినది. మన రాష్ట్రమున 1985 నుండి వర్జీనియా పొగాకును బోర్డు వేలము కేంద్రములలో అమ్ము పద్ధతి వచ్చినది. జంగారెడ్డిగూడెము, కొయ్యలగూడెము, గోపాలపురము, దేవరపల్లి కేంద్రములు ఈ సీమవి. అంతకు పూర్వము కొనుగోలుదారుని మనిషే బేలు నాణ్యమును నిర్ణయించెడివాడు. కొనువాని ఏజెంటు అమ్మువానికి ధర చెప్పుట యనగా ఇదియే. వేలములో ధర బహిరంగముగా పలుకబడును. ధర చాలదను ఫిర్యాదు నేటికిని కలదు, అది వేరు సంగతి. ఎవరు ఎవరి తరఫున నిలిచినారో తెలియని స్థితి మాత్రము తగ్గినది.

ఇక డిపాజిట్ల ఏజెంట్లు. అగ్రిగోల్డ్ వ్యవహారము మన రాష్ట్రమున తెలియని గ్రామము లేదు. విజయవాడ కేంద్రముగా లక్షలాది కుటుంబముల నుండి సొమ్ము సేకరించిన ఆ సంస్థ చెల్లింపులు నిలిపివేయగా, 1999వ సంవత్సరపు డిపాజిటుదారుల రక్షణ చట్టము క్రింద ప్రభుత్వము 2015లో దాని ఆస్తులను జప్తు చేసినది. పది వేల రూపాయల లోపు కట్టినవారికి 2019లోను, ఇరువది వేల లోపు వారికి 2021లోను రాష్ట్ర ప్రభుత్వము సొమ్ము చెల్లించినది. ఆ సొమ్మును ఊరూర సేకరించినవారు ఆయా గ్రామముల యువకులు, గృహిణులు, చిరుద్యోగులు. కంపెనీ దూరమున నున్నది, ఏజెంటు ప్రక్కయింట నున్నాడు; కనుక జనుల కోపము ఏజెంటు గుమ్మము మీద పడినది.

చట్టమేమి చెప్పుచున్నది? తన యజమాని ఎవరో ఎదుటివానికి తెలియజెప్పి, ఆ యజమాని పేరున ఒప్పందము చేసిన ఏజెంటు సామాన్యముగా ఆ ఒప్పందమునకు స్వయముగా బాధ్యుడు కాడు. రసీదు కంపెనీదై, సొమ్ము కంపెనీకి చేరినచో, అప్పు తీర్చవలసినది కంపెనీయే. అయితే ఏజెంటు నేను హామీ యని తన సంతకముతో నోటు వ్రాసి యిచ్చినచో ఆ నోటునకు బాధ్యుడు. సొమ్ము తీసికొని కంపెనీకి కట్టనిచో బాధ్యుడు. లేని అధికారమును ఉన్నదని చెప్పి నమ్మించినచో నష్టపరిహారమునకు బాధ్యుడు. మోసమని ఎరిగియే నమ్మబలికినచో నేరమునకును గురియగును. కావున ఏజెంటును నిలదీయుటకు ముందు ఈ నాలుగింటిలో ఏది జరిగినదో తెలిసికొనవలెను. ఏదియు జరుగనిచో వానిచేత ప్రామిసరీ నోటు బలవంతముగా వ్రాయించుట న్యాయము కాదు. బలవంతపు వ్రాతను కోర్టులో త్రోసిపుచ్చుటకు ఆ ఒప్పందముల చట్టమే వీలు కల్పించినది.

ఇంకొక చిన్న నియమము. కంపెనీ తన ఏజెంటును తొలగించినను, ఆ సంగతి మీకు తెలియువరకు వానికి మీరు చెల్లించిన సొమ్ము కంపెనీకి చెల్లించినట్లే. తొలగింపు తెలియజేయవలసిన భారము కంపెనీ మీదనే గాని మీ మీద లేదు.

భాగస్వామ్యము

భాగస్వామ్యము కూడ మొదట 1872వ సంవత్సరపు చట్టములోనే ఒక అధ్యాయముగా నుండెను. 1932లో ప్రత్యేక చట్టము వచ్చినది. అందరు కలిసి గాని, అందరి తరఫున కొందరు గాని నడుపు వ్యాపారపు లాభమును పంచుకొనుటకు ఒప్పుకొన్నవారి సంబంధము భాగస్వామ్యమని అందులోని నిర్వచనము. ‘అందరి తరఫున’ అను మాటను గమనింపవలెను. ప్రతి భాగస్వామియు తక్కినవారికి ఏజెంటు. ఇదివరలో చెప్పినదంతయు ఇచ్చట మరల వర్తించును.

లాభము పంచుకొన్నంత మాత్రమున భాగస్వాములు కారు. అన్నదమ్ములిద్దరు ఉమ్మడిగా పొగాకు బారనును కలిగి, దానిని అద్దెకిచ్చి అద్దె చెరిసగము పంచుకొనిన, వారు సహ యజమానులు మాత్రమే. వ్యాపారమునకు అప్పిచ్చి లాభములో పాలు తీసికొనువాడును, జీతమునకు బదులు లాభములో వాటా పొందు గుమాస్తాయు ఆ కారణముచేతనే భాగస్వాములు కాజాలరు. హిందూ ఉమ్మడి కుటుంబపు వ్యాపారమును భాగస్వామ్యము కాదు. అది పుట్టుకచే వచ్చినది, ఇది ఒప్పందముచే వచ్చునది.

భాగస్వామి బాధ్యతకు హద్దు లేదు. నలుగురు కలిసి మిల్లు పెట్టి ఇరువది లక్షలు అప్పు చేసినారనుకొందము. ముగ్గురు చేతులెత్తివేసినచో నాలుగవవాడు ఇరువది లక్షలకును బాధ్యుడు. నా వాటా అయిదు లక్షలే యని బ్యాంకుతో చెప్పుటకు వీలులేదు. ముందు కట్టి, పిమ్మట తక్కిన ముగ్గురి నుండి రాబట్టుకొనవలెను. మిల్లులో పేరుంటే చాలునని వాటాదారుగా చేరు చిన్న రైతు తన మూడెకరములను కూడ ఆ మిల్లులో పెట్టినట్లే యని ఎరుగడు. ఈ సంగతి ఊరిలో ముందుగా చెప్పగలవారు ఉండవలెను.

మా దృష్టిలో పంచాయతీ సభ్యులు తప్పక తెలిసికొనవలసిన సెక్షను 69వది. భాగస్వామ్య సంస్థను రిజిస్టరు చేయవలెనను నిర్బంధము లేదు. కాని చేయనిచో ఆ సంస్థ తనకు రావలసిన బాకీ నూరు రూపాయలు మించినపుడు ఒప్పందమును ఆధారము చేసికొని ఇతరులపై దావా వేయజాలదు. భాగస్వామి తోటి భాగస్వామిపైన ఒప్పందపు హక్కు కొరకు దావా వేయజాలడు. ఇతరులు మాత్రము ఆ సంస్థపై నిరభ్యంతరముగా దావా వేయవచ్చును. అనగా కత్తికి ఒకవైపే పదును, అదియు మన వైపునకే. సంస్థను రద్దుపరచి లెక్కలు తేల్చుమని అడుగు దావాకు మాత్రము ఈ అడ్డు లేదు. దావా వేసిన తరువాత రిజిస్టరు చేసికొనిన ఆ దావా నిలువదు. గడువు మిగిలియున్నచో మరల క్రొత్తగా వేయవలెను. మన రాష్ట్రమున జిల్లా రిజిస్ట్రారు భాగస్వామ్య సంస్థల రిజిస్ట్రారుగా వ్యవహరించును. జంగారెడ్డిగూడెము వారు ఇందుకు ఏలూరు పోవలెను.

రచ్చబండ యొద్ద రాజీ చేయు పెద్దలకు సంబంధించిన నియమము 19వ సెక్షనులో నున్నది. ఒక భాగస్వామి, తక్కినవారి అనుమతి గాని, ఆ వ్యాపారమున అట్టి ఆచారము గాని లేకుండ, సంస్థ తగవును మధ్యవర్తుల తీర్పునకు అప్పగించజాలడు. సంస్థకు రావలసిన దానిని తగ్గించి రాజీపడజాలడు. సంస్థ భూమిని అమ్మజాలడు. కాబట్టి మిల్లు తగవులో వచ్చి కూర్చున్న ఒక్క భాగస్వామి సంతకముతో రాజీ కాగితము వ్రాసినచో తక్కినవారు దానిని కాదనవచ్చును. అందరి సంతకములు తీసికొనుటయో, అధికారపత్రము చూపుమనుటయో మేలు.

విడిపోవునపుడు వచ్చు చిక్కును గూర్చి మన ఆంధ్రదేశపు వ్యాజ్యమొకటి దేశమంతట న్యాయ విద్యార్థులకు పాఠమైనది. వడ్లు దంచుట, వేరుసెనగ ఒలుచుట మొదలగు వ్యాపారము చేసిన రెండు కుటుంబముల మధ్య తగవు అది. ఒక కుటుంబము తన వాటా వదలుకొన్నట్లు కాగితము వ్రాసినది. వ్యాపారపు ఆస్తిలో భూములు ఉన్నవి గనుక, రిజిస్టరు కాని ఆ కాగితము చెల్లదని వాదము వచ్చినది. 1966లో సుప్రీముకోర్టు అద్దంకి నారాయణప్ప కేసులో తీర్పు చెప్పుచు, సంస్థ ఆస్తిలో ఫలానా గది నాది, ఫలానా గుంట నాదియని భాగస్వామి చెప్పుటకు వీలులేదనియు, అప్పులు తీరిన పిమ్మట మిగులు ధనములో పాలు మాత్రమే వానిదనియు, అది చరాస్తియే గనుక ఆ కాగితమునకు రిజిస్ట్రేషను అక్కరలేదనియు నిర్ణయించినది. పొలమును సంస్థకు పెట్టుబడిగా ఇచ్చువారు ఈ తీర్పును ఒకటికి రెండుమార్లు ఆలోచింపవలెను. ఇచ్చిన పొలము తిరిగి పొలముగానే వచ్చునను భరోసా లేదు.

విడిపోయిన భాగస్వామి బహిరంగ ప్రకటన చేయవలెను. ఊరిలో అందరికిని తెలియుననుట చాలదు. సంస్థ రిజిస్టరైనదైనచో రిజిస్ట్రారునకు తెలియజేసి, రాజపత్రములోను, ఒక దేశభాషా పత్రికలోను ప్రకటింపవలెను. అంతవరకు ఇతరుల దృష్టిలో వాడు భాగస్వామియే, క్రొత్త అప్పులకును బాధ్యుడే.

కంపెనీ

హద్దులేని బాధ్యతకు భయపడినవారు కనిపెట్టినదే కంపెనీ. నేడు మనకు వర్తించునది 2013వ సంవత్సరపు కంపెనీల చట్టము. కంపెనీ రిజిస్టరైన క్షణము నుండి తనను స్థాపించినవారి కంటె వేరైన వ్యక్తి యగును. వాటాదారుడు తన వాటా సొమ్ము వరకే నష్టపడును. ఇంగ్లండులో సాలొమన్ అను చర్మపు బూట్ల వ్యాపారి తన దుకాణమును తాను స్థాపించిన కంపెనీకే అమ్మెను. ఆ కంపెనీ దివాలా తీయగా, కంపెనీ వేరు, సాలొమన్ వేరు అని 1896లో ప్రభువుల సభ తీర్పు చెప్పినది. నేటికిని ప్రపంచమున కంపెనీ పాఠము ఈ కేసుతోనే మొదలగును.

మనవారు ఈ సాధనమును బాగుగానే వినియోగించిరి. భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923 నవంబరులో మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రాబ్యాంకు లక్ష రూపాయల చెల్లించిన మూలధనముతో మొదలైనది. 1980లో జాతీయమై, 2020లో యూనియన్ బ్యాంకులో విలీనమైనది. స్థాపకుడు 1959లో గతించినను బ్యాంకు ఆగలేదు. భాగస్వామ్యమైనచో, వేరు ఒప్పందము లేనప్పుడు, ఒకరి మరణముతోనే సంస్థ రద్దగును. 1947లో తణుకున ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ గారు స్థాపించిన ఆంధ్రా షుగర్స్ కూడ కంపెనీయే. జంగారెడ్డిగూడెము చెంత తాడువాయిలో అది చక్కెర కర్మాగారమును నెలకొల్పినది.

అయితే పరిమిత బాధ్యత యను మాటను పూర్తిగా నమ్మరాదు. చిన్న కంపెనీకి అప్పిచ్చు బ్యాంకు డైరెక్టర్ల చేత వ్యక్తిగత హామీ వ్రాయించుకొనుట పరిపాటి. హామీ మీద సంతకము పడిన తోడనే ఆ హద్దు చెరిగిపోవును.

కంపెనీ వ్యక్తియే యను సూత్రము మన కొండలలో మరొక రూపమున ప్రత్యక్షమైనది. గిరిజన ప్రాంతములలో భూమిని గిరిజనేతర వ్యక్తులకు బదిలీ చేయరాదని 1959, 1970 సంవత్సరముల నిబంధనలు చెప్పుచున్నవి. విశాఖపట్టణము జిల్లా గనుల కౌళ్లను గూర్చిన సమత కేసులో 1997లో సుప్రీముకోర్టు తీర్పునిచ్చుచు, కంపెనీ గూడ గిరిజనేతర వ్యక్తి క్రిందకు వచ్చుననియు, చివరకు ప్రభుత్వము సైతము వ్యక్తియే యనియు నిర్ణయించినది. పోలవరము, బుట్టాయగూడెము వైపు భూములను కంపెనీ పేరున తీసికొందమని వచ్చువారికి చెప్పవలసిన తీర్పు ఇది.

రైతుల కొరకు 2003 నుండి ఉత్పత్తిదారుల కంపెనీ అను రకము అమలులోనికి వచ్చినది. పదిమంది రైతులున్న చాలును. వాటాలు ఎన్ని యున్నను వ్యక్తులైన సభ్యులకు మనిషికి ఒక్క ఓటే గనుక సహకార సంఘపు పోలికయు, కంపెనీ రూపమును ఇందు కలిసి యున్నవి. కోకో, మొక్కజొన్న రైతులు దీనిని పరిశీలింపవచ్చును. లెక్కల తనిఖీ, వార్షిక పత్రముల దాఖలు మానినచో జరిమానాలు పడును గనుక, లెక్క వ్రాయు మనిషి దొరికిన పిమ్మటనే ప్రారంభించుట క్షేమము.

ఇంతవరకు వర్తకుల మాట. గ్రామ పంచాయతీ మాత్రమేమి? 1994వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము ప్రకారము ప్రతి గ్రామ పంచాయతీయు శాశ్వత వారసత్వము, అధికార ముద్ర కల సమష్టి సంస్థ. అనగా అదియు ఒక వ్యక్తియే. సర్పంచి మారినను పంచాయతీ బాకీ మారదు. పాత సర్పంచి చేసినాడు, మాకు సంబంధము లేదనుట చెల్లదు. మరియొక వైపున, పంచాయతీకి చట్టమిచ్చిన అధికారమే గాని వేరు అధికారము లేదు. తీర్మానము లేక సర్పంచి నోటిమాటగా ఒప్పుకొన్న పనికి బిల్లు వచ్చినపుడు కాంట్రాక్టరు చిక్కుపడుటకు కారణమిదియే. ఊరి బావి బాగుచేసి తన సొమ్ము రాక తిరుగు మేస్త్రి ఏజెన్సీ పాఠము చదువకున్నను దాని ఫలితమును అనుభవించుచున్నాడు.

ఈ విషయములను క్రమముగా చదువగోరు గ్రామ యువకులకు బి.కాం. తరగతిలో వర్తక న్యాయము ఒక పత్రముగా నుండును. న్యాయ పట్టమునకు ఇంటర్మీడియట్ తరువాత అయిదేండ్లు, డిగ్రీ తరువాత మూడేండ్లు. ప్రవేశమునకు లాసెట్ పరీక్ష వ్రాయవలెను. తగవు ముందే వచ్చిపడినవారికి 1987వ సంవత్సరపు న్యాయసేవాధికార సంస్థల చట్టము క్రింద ఉచిత సహాయము కలదు. స్త్రీలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు ఆదాయముతో నిమిత్తము లేకుండ దానికి అర్హులు. తెల్లకాగితము మీద అర్జీ వ్రాసి, పట్టీయో, రసీదో, ఒప్పందపు కాగితమో ఏది యున్న దాని నకలు జతపరచి, మండల న్యాయసేవా సంఘమునకు అందజేయవలెను.